మట్టితో నేర్చిన గోడ

2024 ఎండాకాలం. కామారెడ్డిలో నిర్మాణ పనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో నేను మొబిలైజర్‌గా పనిచేస్తున్నాను. పేరు గంభీరంగా ఉంటుంది కానీ పని మామూలుదే. ఊళ్లు తిరిగి, తలుపులు కొట్టి, పని లేనివాళ్లను వెతికి, "రండి, పని నేర్పుతాం" అని చెప్పి బ్యాచ్ నింపాలి. బీమా ఏజెంటు చావు గురించి భయపెడతాడు, నేను బతుకు గురించి ఆశపెడతాను. జనం మాత్రం ఇద్దరినీ చూడగానే ఒకేలా లోపలికి పోతారు.

ఆ ఏడాది నాకు అప్పగించింది ఎల్లారెడ్డి శివారులోని డబుల్ బెడ్రూం ఇండ్ల కాలనీ. వరుసలు వరుసలుగా ఒకే రంగు ఇండ్లు. పెయింటు ఇంకా కొత్తగానే ఉంది. అంతకుముందు ఈ కుటుంబాలు ఊరి నడుమ కిరాయి గదుల్లో ఉండేవి. గది ఇరుకే గానీ, పని పిలిస్తే పలికేంత దూరంలో ఉండేది. హోటల్లో గిన్నెలు కడగడమో, మిల్లులో బస్తాలు మోయడమో, ఎవరింట్లోనైనా సున్నం వేయడమో దొరికేది. కాలనీకి వచ్చాక పడకగదులు రెండయ్యాయి, పని ఆటో ఎక్కితే తప్ప అందనంత దూరం పోయింది. మగవాళ్లు గడప ముందు కూర్చొని రోడ్డు చూసేవారు. ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవారు. కంపెనీ ఆకు ఇవ్వడం తగ్గించింది కాబట్టి మధ్యాహ్నానికే చాటలు ఖాళీ అయ్యేవి. అప్పుడు వాళ్లూ రోడ్డు చూసేవారు. ఆ రోడ్డు మీద కొత్తగా కనిపించేదల్లా నేనూ, నా బ్యాగూ.

చివరి వరుసలో స్వరూప ఇల్లు. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ లోటును అత్త గంగవ్వ తీర్చేది. భర్త నర్సింలు దుబాయ్‌లో బిల్డింగు పనికి పోయి, నడుము చెడి తిరిగొచ్చాడు. గోడకు ఆనుకొని కూర్చుంటే బాగానే ఉండేవాడు, లేవాలంటే ఇంకొకరి చెయ్యి కావాలి.

నేను నా పాఠం అప్పజెప్పాను. ఉచిత శిక్షణ, మధ్యాహ్న భోజనం, యూనిఫాం, సర్టిఫికెట్, ఆపైన ప్లేస్‌మెంట్, అంటే నేర్చుకున్నాక పనిలో పెట్టించడం. స్వరూపకు మేసన్ కోర్సు రాస్తానన్నాను. తాపీతో గోడలు కట్టేవాణ్ని మా దిక్కు సుతారి అంటారు.

గంగవ్వ వెంటనే అందుకుంది. "ఆడిది సుతారి పని జేసుడేందిరా? తట్ట మోస్తది గని తాపీ వడుతదా?"

"ఎందుకు వట్టదవ్వా? తట్ట కన్న తాపీయే అల్కగుంటది."

"అన్నిటికన్న నీ నోరు అల్కగున్నది కొడుకా."

స్వరూప బీడీ చుట్టడం ఆపకుండానే అడిగింది. "సుతారికి కూలి ఎంతుంటది సార్?"

"తట్ట మోసేటోళ్లకు ఇచ్చేదానికి ఇంచుమించు డబల్."

అప్పుడు ఆగాయి ఆమె చేతులు. "మా ఆయన మల్ల పోతనంటున్నడు. ఏజెంటు దినాం ఫోన్ జేస్తున్నడు. గీ నడుముతోని పోతే మనిషి రాడు సార్, పెట్టె వస్తది. నేను సుతారి కూలి తెస్తే ఈయనను ఆపుత. తట్ట కూలికైతే ఆగడు."

నర్సింలు గోడకు ఆనుకునే నవ్వాడు. "ముందుగాల గోడ కట్టరానీ తియ్యి. ఆగుడు సంగతి గప్పుడు జూద్దాం."

మామూలుగా ఇలాంటిచోట నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ రోజు అప్లికేషన్ నింపుకొని వచ్చేశాను.

బ్యాచ్ నిండింది. ఎక్కువమంది ఆడవాళ్లే. మా సెంటర్ ఇన్‌చార్జి సారు దీన్ని మహిళా చైతన్యం అని రాసుకున్నాడు. నాకు తెలిసిన కారణం, బస్సు ఆడవాళ్లకు ఉచితం. ఎల్లారెడ్డిలో ఎక్కి లింగంపేట మీదుగా కామారెడ్డి దాకా నిలబడే వచ్చేవారు. అయినా దిగేసరికి ముఖాలు వెలిగిపోతూ ఉండేవి. ఇంట్లోంచి పొద్దున్నే ఒక పని మీద బయటికి రావడమే చాలామందికి కొత్త.

మా సెంటరంటే పట్నం చివర ఒక రేకుల షెడ్డు, ఒక తరగతి గది, ఒక ప్రొజెక్టరు. ఇక్కడ పని నేర్పే పద్ధతి కొంచెం చెప్పాలి. ఇటుకల మధ్య వేసే కలుపును పుస్తకంలో మోర్టార్ అంటారు, సుతారులు మాలు అంటారు. బయట అది సిమెంటు, ఇసుక. మా దగ్గర మట్టి. పొద్దున కట్టిన గోడను సాయంత్రం కూలగొట్టాలి. ఇటుకలు దులిపి మర్నాడు మళ్లీ అవే వాడాలి. సిమెంటుతో కడితే ఇటుక విడిగా ఊడిరాదు. మొదట్లో మట్టితో చెయ్యి తిరగనిచ్చి, చివర్లో కొన్నాళ్లు సిమెంటు ఇవ్వాలని లెక్క. మా దగ్గర ఆ చివర ఎప్పుడూ రాలేదు. సెంటర్ మొత్తానికి ఉన్నది ఒకే సిమెంటు బస్తా. ప్రారంభోత్సవానికి తెచ్చినది, వానాకాలం తేమకు బస్తాతో సహా రాయి అయిపోయింది. ట్రైనర్ దాని మీద కూర్చొని టీ తాగేవాడు.

ట్రైనర్ చెడ్డవాడు కాదు. డిప్లొమా చదివాడు, ఓపిక ఉంది. సిమెంటు కావాలని ఇన్‌చార్జి సారును అడిగేవాడు కూడా. ఆయన "చూద్దాం" అనేవాడు. ఆ మాట మా ఆఫీసులో పూర్తి వాక్యం కిందే లెక్క.

గంగవ్వ ఒకసారి కామారెడ్డి ఆసుపత్రికి వచ్చి, అటునుంచి సెంటర్ చూడ్డానికి వచ్చింది. సాయంత్రం కావడంతో అందరూ తమ గోడలు తామే కూలగొడుతున్నారు. ముసలావిడ నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"పొద్దుగాల కట్టుడు, పొద్దుమీకి కూలగొట్టుడు. గిదేనా మీరు నేర్పేది?"

"గదే అవ్వా."

"మా ఇంట్ల మనుమరాలు గిదే పని జేస్తది. దానికి గూడ సర్టిఫికేటు ఇయ్యిరాదు."

స్వరూప నవ్వలేదు. ఇటుకలు పేర్చుకుంటూ ఉంది. బీడీలకు తునికాకు కత్తిరించి కత్తిరించి అలవాటైన వేళ్లకు కొలత వెంటనే పట్టుబడింది. ప్లంబ్ బాబ్ అని ఒక ఇనుప గుండు ఉంటుంది, దారానికి వేలాడుతుంది, గోడ నిటారుగా ఉందో లేదో చెబుతుంది. మిగతావాళ్లు దాన్ని గోడ పూర్తయ్యాక వేలాడదీసి బాధపడేవారు. స్వరూప మూడు వరుసలకోసారి చూసుకునేది. ట్రైనర్ ఆమె గోడ దగ్గర నిలబడి మిగతావాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కూలగొట్టేటప్పుడు ఆమె అందరికన్నా చివర కూలగొట్టేది.

మట్టితో ఒక సుఖం ఉంది. అది ఎండితే మళ్లీ నీళ్లు చల్లి, పిసికితే మెత్తబడుతుంది. భోజనానికి పోయి, కాసేపు కూర్చొని, తిరిగి వచ్చి చెంబెడు నీళ్లు కొడితే పొద్దున కలిపిన మాలు మళ్లీ పనికొస్తుంది. కోర్సు మొత్తం వాళ్లు రోజూ అదే చేశారు. సిమెంటు అలాంటి మర్యాదలు ఎరగదు. ఒకసారి గట్టిపడటం మొదలైతే అయిపోయినట్టే. నీళ్లు పోస్తే పైకి మెత్తగా కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. దీన్నే సెట్టింగ్ టైమ్ అంటారు. అది కూడా మా వాళ్లు నేర్పారు, ప్రొజెక్టరు మీద. పరీక్షకు వచ్చిన బయటి ఆఫీసరు స్వరూపను అదే ప్రశ్న అడిగాడు.

"సిమెంటు మాలు కలిపినంక ఎంతసేపట్ల వాడాలె?"

"అర్ధగంటల సార్. ఎండకాలమైతే ఇంకా జల్ది."

ఆఫీసరు తల ఊపాడు. బ్యాచ్‌లో ఆమెకే ఎక్కువ మార్కులు.

ఆపై ఆమెకు పని చూసిపెట్టే నా వంతు మొదలైంది. కామారెడ్డిలో సాయిలు మేస్త్రీ అని ఉన్నాడు. సొంతంగా ఇండ్లు ఒప్పుకొని కట్టిస్తాడు, చేతికింద సుతారులూ కూలీలూ ఉంటారు. మా దిక్కు సుతారి కావడానికి పరీక్ష ఏమీ లేదు. మేస్త్రీ దగ్గర తట్ట మోస్తూ చేరాలి, మాలు అందించాలి, గోడకు నీళ్లు కొట్టాలి, తిట్లు తినాలి. కొన్నేళ్లకు ఒకరోజు మేస్త్రీ తాపీ చేతికిచ్చి "గా మూల కట్టు" అంటాడు. అంతే, సుతారి అయినట్టు. ఆడవాళ్లు కూడా తట్ట మోస్తూనే చేరతారు. ఆ ఒకరోజు మాత్రం వాళ్లకు రాదు.

"సుతారి పని గట్ల రాదు తమ్మీ," అన్నాడు సాయిలు. "ముందుగాల తిట్లు తినాలె."

"ఆమె ఇంట్ల తిన్నది గద అన్నా. గవి లెక్కల వెయ్యి."

"ఆడిమనిషికి తాపీ ఇస్తే నా మనుషులు నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. పొద్దంత ఎండల జేస్తరు, జర నవ్వొస్తే మంచిదే గద."

సాయిలు చివరికి ఒప్పుకున్నాడు. అప్పుడు ఊరి చివర ఒక రిటైర్డు టీచరుకు ఇల్లు కట్టిస్తున్నాడు. పైన మేడ చుట్టూ పిట్టగోడ మిగిలింది. "పిట్టగోడ ఇస్త. తప్పైనా ఇల్లు కూలది."

మొదటి రోజు పొద్దున నేను పోయాను. స్వరూప చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకొని, తలకు రుమాలు చుట్టి, తాపీతో మాలు పరుస్తోంది. ఇద్దరు సుతారులు కొంచెం అవతల మెట్ల గది కడుతూ ఆమెనే చూస్తున్నారు. నేను ఆఫీసు ఫోన్‌తో ఫోటో తీసుకొని దిగి వచ్చాను. సాయంత్రం సాయిలు ఫోన్ చేశాడు.

"దారం వట్టినట్టు కట్టింది తమ్మీ. నేను గూడ గంత సాపుగ కట్ట."

మర్నాటి నుంచి ఆమెను తన పక్కనే లోపలి గోడలకు పెట్టుకున్నాడు. వారం చివర సుతారి కూలే ఇచ్చాడు. కాలనీకి నేను వెళ్తే నర్సింలు ఏజెంటు ఫోను ఎత్తి, "ఇప్పుడప్పుడే కాదన్నా, జర ఆగు" అని పెట్టేశాడు. నా ముందే. గంగవ్వ నాకు టీ ఇచ్చింది. ఆ టీలో చక్కెర ఎంత వేసిందంటే, అది కృతజ్ఞతో కక్షో తేల్చుకోలేకపోయాను.

తరువాతి వారం ఆ టీచర్ సారు తన ఇల్లు చూసుకోవడానికి మేడ ఎక్కాడు. కొత్త ఇంటాయన చేసే పనే చేశాడు. పిట్టగోడ మీద చెయ్యి ఆనించి, వంగి వీధి చూశాడు. గోడ పై వరుసలు ఆయన చేతితో పాటే వెళ్లిపోయాయి. రేపెప్పుడైనా ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశతో వదిలిన పిల్లర్ చువ్వలు పక్కన ఉన్నాయి, ఆయన వాటిని పట్టుకొని వేలాడి ఆగాడు. ఇటుకలు సందులో పడ్డాయి. కింద ఎవరూ లేరు.

సాయిలు ఫోన్ చేస్తే నేను వెళ్లేసరికి టీచర్ సారు కుర్చీలో కూర్చొని నీళ్లు తాగుతున్నాడు. అరచేయి చీరుకుపోయింది. నన్ను చూసి ఒక్క మాట అన్నాడు. "సర్టిఫికేటు ఉన్నదన్నరు గద బాబూ?"

నేను జేబులో చేతులు పెట్టుకున్నాను. చేతులకు వేరే పని దొరకలేదు.

సాయిలు రాలిపోయిన మాలు ముద్ద ఒకటి తీసుకొని పిడికిట్లో నలిపాడు. పిండిలా జారిపోయింది. "పని సగం బాగున్నది. పొద్దటిపూట కట్టింది సుత్తె వెట్టి కొట్టినా కదలదు. పగటి తిండి తిన్నంక కట్టింది గిట్లున్నది. ఏం జేసినవ్ స్వరూపా?"

ఆమె పిట్టగోడ విరిగిన చోటు చూస్తూ చెప్పింది. "తిని వచ్చేవరకు మాలు గట్టిగైంది. చెంబుల నీళ్లు గొట్టి కలిపిన."

"ఎండల గంతసేపున్న మాలుకు నీళ్లు గొడుతరా? ఎరుక లేదా?"

"ఎరుకే. అర్ధగంట. పరీక్షల చెప్పిన." ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నోటికి సిమెంటు నేర్పిండ్రు సార్, చేతులకు మట్టి నేర్పిండ్రు. చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయింది. దాన్ని ఆపెతందుకు నాకు యాదికే రాలేదు."

మెట్ల దగ్గర ఆ ఇద్దరు సుతారులు నిలబడి ఉన్నారు. సాయిలు వాళ్లను చూపించాడు. "గీళ్లు ఆనాడు చూసిండ్రట. నీళ్లు గొట్టుడు చూసి నవ్వుకున్నరట. నాకిప్పుడు చెప్తున్నరు."

"మరి వాళ్లనేమన్నవ్ అన్నా?"

"ఏమంట తమ్మీ? వాళ్లు కట్టింది నిలవడ్డది."

ఆ పిట్టగోడ సాయిలు సొంత ఖర్చుతో మళ్లీ కట్టించాడు. స్వరూపతో ఒకే ముక్క చెప్పాడు. "రేపట్నుంచి తట్టకు రా. తాపీ ముచ్చట ఇంక తియ్యకు." ఆయన్ను తప్పు పట్టడానికి నేను గట్టిగా ప్రయత్నించాను. ఆ సారు కిందపడి ఉంటే జైలుకు పోయేది సాయిలు, మా సెంటర్ కాదు.

సెంటర్‌కు వచ్చి ఇన్‌చార్జి సారుకు జరిగింది చెప్పాను. ఆయన కంగారు పడ్డాడు, ప్రొజెక్టరు వేయించి ఆ స్లయిడు వెతికించాడు. దొరికింది. సెట్టింగ్ టైమ్, ఎర్రరంగులో. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"చూసినవా? మనం చెప్పినం."

"చెప్పినం సార్. సిమెంటే ఇయ్యలేదు."

"వచ్చే బ్యాచ్‌కు చూద్దాం. ఇంతకూ ఆమె ఇప్పుడు పనిల ఉన్నదా లేదా?"

"తట్ట మోస్తున్నది."

"కన్‌స్ట్రక్షన్‌ల ఉన్నది గద. ప్లేస్‌మెంట్ కిందికే వస్తది." అంటూ హెల్మెట్ ఒకటి నా చేతికిచ్చాడు. "ఫ్లెక్సీకి ఫోటో కావాలె. తాపీ చేతులుండేటట్టు తియ్యి."

వానలు మొదలయ్యాక పోయాను. సాయిలు పని అప్పుడు ఇంకో వీధిలో నడుస్తోంది. స్వరూప తట్టతో మాలు పైకి మోసి అందిస్తోంది. పైన తాపీ పట్టుకున్నది సాయిలు అల్లుడు. అంతకుముందు మొబైల్ షాపు పెట్టి మూసేసి, మామ దగ్గర చేరాడట. నేను చూస్తుండగానే అతను ఫోన్ మాట్లాడి వచ్చి, గట్టిపడిన మాలు మీద బాటిలు నీళ్లు గుమ్మరించి కెలకడం మొదలుపెట్టాడు.

స్వరూప తట్ట దించింది. "పారవొయ్యి తమ్మీ. గది ఇంక పట్టది."

కింద నుంచి సాయిలు విన్నాడు. తలెత్తి అల్లుణ్ని, అల్లుడి చదువునూ, అతని ఫోనునూ కలిపి తిట్టాడు. పనివాళ్లంతా నవ్వారు, అల్లుడు కూడా నవ్వాడు. పాడైన మాలు పారబోశారు. స్వరూప కిందికి దిగి కొత్తది కలిపి తెచ్చింది. అల్లుడు తాపీ తీసుకొని, ఆగినచోటి నుంచి కట్టుకుంటూ పోయాడు.

పగటిపూట భోజనానికి ఆమె ఇసుక కుప్ప పక్కన కూర్చుంది. నర్సింలు ఎట్లున్నడని అడిగాను.

"మల్ల దుబాయ్ పోయిండు సార్. సోమారం నాడు. హైదరాబాద్ బస్సు ఎక్కించి, అదే బస్టాండుల కామారెడ్డి బస్సు ఎక్కి పనికొచ్చిన. ఒక్కపూట పోతే కూలి పోతది గద."

"నడుము?"

"బెల్టు వెట్టుకున్నడు."

నేను హెల్మెట్ సంగతి, ఫోటో సంగతి చెప్పాను. అల్లుడు ఉత్సాహంగా తన తాపీ తుడిచి ఇవ్వబోయాడు. స్వరూప తీసుకోలేదు. హెల్మెట్ పెట్టుకొని, దాని మీద తట్ట ఎత్తుకొని నిలబడింది. "గిట్లనే తియ్యి. నేను జేసేది గిదే."

తీశాను. ఇన్‌చార్జి సారు ఆ ఫోటో చూసి పెదవి విరిచాడు. నేను మొదటి రోజు తీసిన ఫోటో, తాపీతో ఉన్నది, నన్నడగకుండానే ఆఫీసు ఫోన్లోంచి తీసి ఫ్లెక్సీ వేయించాడు. ఇప్పటికీ గేటు మీద ఉంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఆమె ఎక్కడ సుతారిగా చేస్తోందని అడుగుతారు.

ఈ ఉద్యోగంలో ఆ ఒక్క కేసు నాకు నేర్పినంత ఏ ఓరియంటేషనూ నేర్పలేదు. ఇప్పుడు కాలనీల్లో తలుపు కొడితే ముందే చెబుతాను, మా దగ్గర మట్టితో నేర్పుతారు, సిమెంటు బయట నేర్చుకోవాలి అని. కొందరు అక్కడికే తలుపు వేసుకుంటారు. బ్యాచ్‌లు ఎందుకు నిండడం లేదని సారు మీటింగు పెడుతున్నాడు. నేను బిస్కెట్లు తిని వస్తున్నాను.

సాయిలు చేతికింద తయారైన ప్రతి సుతారీ ముందు తట్టలకొద్దీ మాలు పాడుచేసినవాడే. పాడుచేసి, తిట్లు తిని, మర్నాడు మళ్లీ అదే గోడ దగ్గరికి వచ్చినవాడే. పని నేర్చుకోవడం అంటే ఇంతకన్నా పెద్ద రహస్యం ఏదీ నాకు ఇంతవరకు కనిపించలేదు. స్వరూప పాడుచేసింది ఒకే ఒక తట్ట. అది మా షెడ్డులో పాడుచేసి ఉండాల్సింది.